పంపటం వేరు, చేరటం వేరు

కంప్యూటర్ నెట్‌వర్కులు – ఒక ప్రాథమిక పాఠం



నేటి యుగాన్ని సమాచార యుగం అంటున్నారు. చేతిలో సెల్‌ఫోను లేని విద్యార్థి మన కళాశాలలో వెదికినా కనపడడు. హాల్‌టికెట్టు, పరీక్షా ఫలితాలు, స్కాలర్‌షిప్పు, చివరకు ఇంటి దగ్గర నుంచి వచ్చే మెస్ డబ్బు కూడా నెట్‌వర్కు మీదనే వస్తున్నాయి. ఇంతగా వాడుకుంటున్న ఈ ఏర్పాటు లోపల ఎలా పనిచేస్తుందో మాత్రం మనలో చాలామందికి తెలియదు. రెండేళ్ళ క్రితం దాకా నాకూ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఎందుకు వచ్చిందో ముందు చెప్పి, తర్వాత పాఠంలోకి వస్తాను.

మాది వ్యవసాయ కుటుంబం. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద, చివరి భూముల్లో మాకు మూడెకరాలుంది. నేను మొదటి సంవత్సరం చదువుతుండగా మా నాన్న పంట నమోదుకు వెళ్ళాడు. యంత్రం మీద బొటనవేలు పెట్టించారు. తెరమీద చిన్న చక్రం తిరుగుతూనే ఉందట. వెనక ఇరవైమంది వరుసలో నిలబడి ఉన్నారు. "అయిపోయిందిలే, వెళ్ళు" అన్నాడు అక్కడి మనిషి. నాన్న వచ్చేశాడు. కోతల ముందు కురిసిన వానకు చేను మొత్తం పడిపోయింది. కొన్నాళ్ళకు పంట నష్టం జాబితా వచ్చింది. పక్కచేను వాళ్ళ పేరుంది, మా పేరు లేదు. వెళ్ళి అడిగితే "నీది అసలు నమోదే కాలేదు" అన్నారు. "వేలు పెట్టాను గదయ్యా" అన్నాడు నాన్న. "పెట్టే ఉంటావు, సర్వర్ డౌనై ఉంటుంది" అన్నారు. అంతటితో అయిపోయింది. ఆ సంవత్సరం నా హాస్టలు ఫీజు అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి కట్టారు.

మరుసటి ఏడు మా లెక్చరరు గారు నెట్‌వర్కుల పాఠం మొదలుపెడుతూ, "పంపటం వేరు, చేరటం వేరు. ఈ తేడా తెలిస్తే సగం పాఠం వచ్చినట్లే" అన్నారు. నాకు నాన్న బొటనవేలు గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి ఆ పాఠాన్ని మార్కుల కోసం చదవలేదు.

నెట్‌వర్కు అనగానేమి?

రెండు గాని, అంతకంటే ఎక్కువ గాని కంప్యూటర్లు తీగతోనో, ఆప్టికల్ ఫైబర్ అనే గాజుపోగుతోనో, రేడియో తరంగాలతోనో కలిసి ఒకదానితో ఒకటి సమాచారం ఇచ్చిపుచ్చుకుంటే దాన్ని నెట్‌వర్కు అంటారు. మన ల్యాబులోని కంప్యూటర్లన్నిటికీ వెనక నీలం తీగలుంటాయి. అవన్నీ మూలనున్న స్విచ్ అనే పెట్టెకు వెళ్తాయి. అది ఒక చిన్న నెట్‌వర్కు. ఇలాంటి చిన్న నెట్‌వర్కులు వేలకు వేలు ఒకదానికొకటి కలిస్తే ఏర్పడినదే ఇంటర్నెట్. దీనికి ఒకే యజమాని గాని, ఒకే కేంద్రం గాని లేదు. కొన్ని నియమాలను అందరూ ఒప్పుకొని పాటించటమే దాన్ని నిలబెడుతోంది. ఆ నియమాలనే ప్రోటోకాల్స్ అంటారు. మన దేశంలో విద్యాసంస్థలను కలుపుతూ ఎర్నెట్ అనే నెట్‌వర్కు 1986లో మొదలైంది. సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చింది.

ముక్కలుగా ఎందుకు పంపుతారు?

పాత రోజుల్లో ట్రంకుకాల్ బుక్ చేస్తే ఈ ఊరి నుంచి ఆ ఊరి దాకా ఒక లైను మొత్తం ఆ ఇద్దరికే కేటాయించేవారు. వాళ్ళు మాట్లాడకుండా ఊరుకున్నా ఆ లైను ఇంకొకరికి పనికిరాదు. మనుషులకు ఫరవాలేదు గాని, కంప్యూటర్లు అలా ఆగకుండా మాట్లాడుకోవు. ఒక క్షణం బోలెడంత పంపి, తర్వాత చాలాసేపు మౌనంగా ఉంటాయి. వాటికోసం ఒక లైనును కట్టిపడెయ్యటం దండగ.

దీనికి ఉపాయం 1960లలో ఇద్దరు వేరువేరుగా ఆలోచించారు. అమెరికాలో రాండ్ సంస్థలో పనిచేసిన పాల్ బరాన్, అణుయుద్ధం వచ్చి కొన్ని కేంద్రాలు ధ్వంసమైనా మిగిలినవి మాట్లాడుకోగల ఏర్పాటు కావాలని ఆలోచించాడు. బ్రిటన్‌లోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో డొనాల్డ్ డేవిస్, ఒకే కంప్యూటరును చాలామంది దూరం నుంచి వాడుకోవటం ఎలాగని ఆలోచించాడు. ఇద్దరూ వచ్చి చేరిన చోటు ఒక్కటే: సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్క మీద చిరునామా వ్రాసి, విడివిడిగా పంపటం. ఆ ముక్కకు ప్యాకెట్ అనే పేరు పెట్టినవాడు డేవిస్.

మా ఊళ్ళో ధాన్యం మిల్లుకు తోలేటప్పుడు ఇదే జరుగుతుంది. ఒకే లారీలో అన్ని బస్తాలూ పట్టవు. దొరికిన ట్రాక్టరు మీద దొరికినన్ని వేసి పంపుతాం. ఒకటి కట్టమీదుగా వెళ్తుంది, ఒకటి తారురోడ్డు మీదుగా వెళ్తుంది. ముందు బయలుదేరింది వెనక చేరవచ్చు. బస్తా మీద పేరూ నెంబరూ ఉంటే మిల్లు దగ్గర సరిచూసుకోవచ్చు.

మీరు 30 లక్షల బైట్లున్న ఒక ఫొటో పంపారనుకోండి. మన ల్యాబు తీగల మీద మామూలుగా ఒక్కో ప్యాకెట్టులో 1500 బైట్లకు మించి పట్టవు. అందులో 40 బైట్లు చిరునామాలకు, వరుస నెంబరుకు, ఇతర గుర్తులకు పోతాయి. మిగిలిన 1460లో మీ ఫొటో ముక్క ఉంటుంది. అంటే ఆ ఒక్క ఫొటో రెండు వేలకు పైగా ప్యాకెట్లుగా విడిపోయి వెళ్ళి, అవతల మళ్ళీ ఒక్కటవుతుంది.

చిరునామా, దారి

నెట్‌వర్కులో ప్రతి యంత్రానికీ ఒక చిరునామా ఉండాలి. దాన్ని ఐ.పి. అడ్రసు అంటారు. 192.168.1.5 వంటి నాలుగు అంకెల గుంపును మీరు చూసే ఉంటారు. ఇది 32 బిట్ల సంఖ్య కనుక మొత్తం సుమారు 429 కోట్ల చిరునామాలకే చోటుంది. మొదట్లో అది చాలా ఎక్కువనుకున్నారు. 2011 ఫిబ్రవరిలో ప్రపంచం మొత్తానికి పంచిపెట్టే ఉమ్మడి నిల్వ అయిపోయింది. అందుకే ఒక ఇంట్లో పది ఫోన్లున్నా బయటి ప్రపంచానికి ఒకే చిరునామా కనపడేటట్లు చేసే పద్ధతి వాడుతున్నారు. 128 బిట్ల కొత్త చిరునామాలు కూడా వాడుకలోకి వచ్చాయి.

అంకెలు మనకు గుర్తుండవు, పేర్లు గుర్తుంటాయి. పేరు చెబితే అంకె చెప్పే పట్టికను మొదట్లో ఒకే ఫైలుగా ఒకే చోట ఉంచి, అందరూ అక్కడి నుంచి నకలు తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగేకొద్దీ అది సాధ్యం కాలేదు. 1983లో పాల్ మోకాపెట్రిస్ ఆ పట్టికను ప్రపంచమంతా పంచి ఉంచే పద్ధతిని రూపొందించాడు. దీన్నే డి.ఎన్.ఎస్. అంటారు. మీరు ఒక వెబ్‌సైటు పేరు కొట్టగానే ముందు జరిగే పని ఈ పేరు విచారణే.

ఇక దారి సంగతి. ప్యాకెట్టుకు దారి చూపే యంత్రం రౌటర్. ఇక్కడ ముఖ్యంగా గమనించవలసింది ఏమిటంటే, ఏ రౌటరుకూ దారి మొత్తం తెలియదు. ఫలానా చిరునామా వైపు వెళ్ళాలంటే తర్వాత ఏ రౌటరుకు అందించాలో, అంతవరకే దానికి తెలుసు. మా కాలువ మీద లస్కరుకు తన లాకు దగ్గర ఏ తూము ఏ ఊరికి వెళ్తుందో తెలిస్తే చాలు. ఆ నీరు చివరకు ఎవరి మడిలో పారుతుందో అతను చూడడు. రౌటరూ అంతే. దారిలో ఒక తీగ తెగితే రౌటర్లు ఆ కబురు ఒకదానికొకటి చెప్పుకొని పట్టికలు మార్చుకుంటాయి.

పట్టికలు తప్పుగా ఉండి ప్యాకెట్టు ఒకే చోట గుండ్రంగా తిరుగుతుంటే? దానికీ ఏర్పాటుంది. బయలుదేరేటప్పుడే ప్యాకెట్టు మీద ఒక అంకె వేస్తారు, 64 అనుకుందాం. ప్రతి రౌటరూ అందులోంచి ఒకటి తీసేస్తుంది. సున్నా అయితే ఆ ప్యాకెట్టును పారేస్తారు.

ఈ ప్యాకెట్లు పయనించే దారిలో సెల్ టవరు నుంచి మన చేతి దాకా ఉన్న ఆఖరి ముక్క గాలిలో ఉంటుంది. ఖండాల మధ్య ప్రయాణంలో అత్యధిక భాగం సముద్రం అడుగున పరచిన గాజుపోగుల మీదనే. మన దేశంలో ముంబయి, చెన్నై తీరాలలో అవి ఒడ్డుకు వస్తాయి. గాజుపోగులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 15 వేల కిలోమీటర్లు దాటటానికి సెకనులో పదోవంతు కూడా పట్టదు. 2008 జనవరి చివర ఈజిప్టు తీరాన, అలెగ్జాండ్రియా దగ్గర సముద్రపు తీగలు తెగినప్పుడు మన దేశంలో నెట్ మందగించింది. ఎక్కడి తీగ, ఎక్కడి ఇబ్బంది!

ఇంతవరకు చెప్పిన ఐ.పి. పద్ధతిలో ఒక సంగతి దాగి ఉంది. అది ఏ హామీ ఇవ్వదు. రౌటరు దగ్గర వరుస నిండిపోతే కొత్తగా వచ్చిన ప్యాకెట్టును పారేస్తుంది. మామూలుగా పంపినవాడికి కబురు కూడా చెయ్యదు. పోగలిగితే పోతుంది, లేకపోతే లేదు. మరి ఇలాంటి నమ్మకం లేని దారి మీద బ్యాంకులూ, రైల్వేలూ, పరీక్షా ఫలితాలూ ఎలా నడుస్తున్నాయి?

రసీదు

1969 అక్టోబరు 29 రాత్రి. అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు ఆర్పానెట్ అనే నెట్‌వర్కు మీద మొదటి సందేశం పంపుతున్నారు. పంపుతున్నవాడు ఛార్లీ క్లైన్ అనే విద్యార్థి, మన ఈడువాడే. లాగిన్ అనే మాటలోని అక్షరాలను ఒక్కొక్కటిగా కొడుతున్నాడు. ఎల్ కొట్టి, అది చేరిందా అని అవతలి వారిని టెలిఫోనులో అడిగారు. చేరిందన్నారు. ఓ కొట్టారు. అదీ చేరింది. జి దగ్గరకు వచ్చేసరికి అవతలి కంప్యూటరు ఆగిపోయింది. ఓ గంట తర్వాత సరిచేసి మళ్ళీ పంపారు. ఈ కథను అందరూ రెండక్షరాల సందేశంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ టెలిఫోను ముఖ్యం అనిపిస్తుంది. మొట్టమొదటి రోజునే వాళ్ళు చేరిందా అని అడిగి తెలుసుకున్నారు.

ఆ టెలిఫోను పనిని యంత్రమే చేసుకునే పద్ధతిని వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రచురించిన వ్యాసంలో ప్రతిపాదించారు. దాని నుంచే టి.సి.పి. అనే ప్రోటోకాల్ ఏర్పడింది. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం ఈ కొత్త నియమాలకు మారింది. అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది:

ముందు రెండు కంప్యూటర్లూ పలకరించుకుంటాయి. మొదటిది "మాట్లాడవచ్చా?" అంటుంది. రెండవది "సరే, నా మాట నీకు వినిపిస్తోందా?" అంటుంది. మొదటిది "వినిపిస్తోంది" అంటుంది. ఈ మూడు మాటలయ్యాకనే అసలు సరుకు బయలుదేరుతుంది.

పంపే ప్రతి బైటుకూ వరుస సంఖ్య ఉంటుంది. అవతలిది "ఇంతవరకు అందింది, దీని తర్వాతది పంపు" అని రసీదు పంపుతూ ఉంటుంది. పంపినది గడియారం పెట్టుకుని కూర్చుంటుంది. గడువులోగా రసీదు రాకపోతే అదే ముక్క మళ్ళీ పంపుతుంది. అప్పటికీ రాకపోతే గడువును రెట్టింపు చేసుకుంటూ మళ్ళీ పంపుతుంది. రసీదు వచ్చేదాకా ఆ ముక్క నకలును తన దగ్గర నుంచి చెరిపెయ్యదు. చాలాసార్లు ప్రయత్నించి వీలుకాకపోతే "చేరలేదు" అని వాడే మనిషికి చెబుతుంది. "అయిపోయిందిలే, వెళ్ళు" అని మాత్రం అనదు.

ఇక్కడ ఒక చిక్కుంది. రసీదు రాలేదంటే సరుకు చేరలేదని అర్థమా? కాదు. సరుకు చేరి, రసీదే దారిలో పోయి ఉండవచ్చు. పంపినవాడికి ఈ రెంటికీ తేడా తెలియదు. మళ్ళీ పంపితే ఒకే ముక్క రెండుసార్లు చేరుతుంది. వరుస సంఖ్య ఉండటం వల్ల అవతలిది "ఇది నా దగ్గర ఉంది" అని రెండవ నకలును పారేస్తుంది. ఫోనులో డబ్బు పంపేటప్పుడు చక్రం తిరుగుతూ ఆగిపోతే మనం ఖంగారుపడి రెండోసారి నొక్కుతాం. అప్పుడు కూడా చిక్కు ఇదే. మనం రెండోసారి నొక్కినది కొత్త చెల్లింపుగా కొత్త నెంబరుతో వెళ్ళవచ్చు. అందుకే ముందు పాతదాని నెంబరు చూసుకుని, అది ఏమైందో విచారించాలి.

ఇంకొక మెట్టు ఉంది, నా దృష్టిలో పాఠమంతటికీ ఇదే ప్రాణం. టి.సి.పి. ఇచ్చే రసీదుకు అర్థం అవతలి కంప్యూటరుకు ప్యాకెట్టు అందిందని మాత్రమే. అక్కడి లెక్కల పుస్తకంలో మన పేరు ఎక్కిందని కాదు. ధాన్యం బస్తాలు మిల్లు గేటు దాటటం వేరు, కాటా వేసి చీటీ వ్రాసి ఇవ్వటం వేరు. గేటు దాటిన బస్తా కాటా దాకా పోకపోవచ్చు. సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1984లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ విషయాన్నే సిద్ధాంతంగా చెప్పారు. మధ్యలోని దారి ఎంత జాగ్రత్తగా ఉన్నా, పని పూర్తి అయిందో లేదో రెండు చివరలా ఉన్నవారే సరిచూసుకోవాలి. ఈ పనిని దారికి అప్పగించి ఊరుకుంటే కుదరదు.

మా నాన్న వేలిముద్ర ఎక్కడ ఆగిందో నాకు తెలియదు. యంత్రం నుంచి బయలుదేరలేదో, దారిలో పోయిందో, అవతల చేరి పుస్తకంలోకి ఎక్కలేదో. కాటా చీటీ అడగకుండా గేటు దగ్గర నుంచే వెనక్కి వచ్చాడని మాత్రం ఇప్పుడు తెలిసింది. అడగాలని చెప్పినవారు లేరు, ఇవ్వవలసినవారు ఇవ్వలేదు.

రద్దీ, చివరి భూములు

1986 అక్టోబరులో ఒక వింత జరిగింది. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. వాటి మధ్య సెకనుకు 32 వేల బిట్ల వేగంతో సాగే సమాచారం ఒక్కసారిగా సెకనుకు 40 బిట్లకు పడిపోయింది. కారణం తీగ తెగటం కాదు. రద్దీ వల్ల ప్యాకెట్లు పోయాయి. పోయినవాటిని అందరూ వెంటవెంటనే మళ్ళీ పంపారు. దానితో రద్దీ ఇంకా పెరిగింది, ఇంకా పోయాయి. దారి నిండా నకళ్ళే.

వాన్ జేకబ్సన్ 1988లో దీనికి మందు చెప్పాడు. పంపేవాడు మొదట కొద్దిగా పంపాలి. రసీదులు వస్తున్నకొద్దీ 1, 2, 4, 8 చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఒక హద్దు దాటాక మెల్లగా పెంచాలి. ఒక ప్యాకెట్టు పోయిందంటే దారి ఇరుకైందని గ్రహించి, తన వేగాన్ని సగానికో ఇంకా తక్కువకో తానే తగ్గించుకోవాలి. పైన అధికారి ఎవరూ ఉండరు. అప్పటి నుంచి ఈ పద్ధతికి అనేక మెరుగులు దిద్దారు గాని, మూలసూత్రం అదే.

చివరి భూముల రైతు కొడుకుగా ఈ పాఠం చదివినప్పుడు నాకు కొంచెం అసూయ కలిగింది. మా కాలువ మీద ఎగువన మోటార్లు పెట్టేవారు ఈ లెక్కలో సగం పాటించినా మా మడికి నీళ్ళు వచ్చేవి.

"సర్వర్ డౌన్" అంటే ఏది డౌన్?

ఈ మాట ఊళ్ళో అందరికీ వచ్చు. దీని వెనక నాలుగైదు వేరువేరు జబ్బులుంటాయి. వరుసగా చూసుకుంటే చాలాసార్లు ఏదో తేలిపోతుంది.

ఒకటి: ఇంకొక వెబ్‌సైటు తెరిచి చూడండి. అదీ రాకపోతే తప్పు అవతలి సర్వరుది కాకపోవచ్చు, మన వైపే ఉండవచ్చు.

రెండు: తీగ పెట్టెలోకి గట్టిగా దిగిందా, పెట్టె మీద దీపాలు వెలుగుతున్నాయా, పక్క కంప్యూటరుకు వస్తోందా చూడండి.

మూడు: పేరుతో రానిది అంకెల చిరునామాతో పలికితే, పేరు విచారణలో లోపం ఉందన్నమాట. మన ల్యాబులో పింగ్ అనే ఆజ్ఞతో ఇది చూడవచ్చు. కొన్ని సర్వర్లు భద్రత కోసం పింగ్‌కు జవాబివ్వవు, అది గుర్తుంచుకోవాలి.

నాలుగు: వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోనులో అదే సైటు తెరవండి. అందులో వస్తే సర్వరు బాగానే ఉంది, మన దారిలో లోపం ఉంది.

అయిదు: అన్ని సైట్లూ వచ్చి, ఆ ఒక్కటే ఎవరికీ రాకపోతే, అప్పుడు నిజంగా సర్వరునో దాని ముందున్న దారినో అనుమానించాలి. ఆఖరి తేదీ నాడు రాష్ట్రమంతా ఒకేసారి తలుపు తడితే ఇలాగే అవుతుంది. దానికి మనం చెయ్యగలిగింది నాలుగు రోజులు ముందుగా వెళ్ళటమే.

ముగింపు

మిత్రులారా! మనలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు వేలు పెట్టి వస్తున్నారు. ఆ వేలు ఎక్కడిదాకా వెళ్ళిందో అడిగే ధైర్యం వాళ్ళకు లేదు, అడగవచ్చని తెలియదు కనుక. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ పాఠంలో ఒక్క ముక్క వాళ్ళకు చెప్పండి. నమోదైనా, చెల్లింపైనా, దరఖాస్తైనా నెంబరున్న రసీదు తీసుకోవాలి. నాలుగు రోజుల తర్వాత ఆ నెంబరుతో లెక్కలో పేరు ఎక్కిందో లేదో చూసుకోవాలి. నెట్‌వర్కు తయారుచేసినవాళ్ళే తమ నెట్‌వర్కును నమ్మి ఊరుకోలేదు. మనం ఎందుకు నమ్మాలి?

పోయిన ఏటి డబ్బు మాకు తిరిగి రాలేదు. అమ్మ కమ్మలు మాత్రం ఈ మధ్యనే విడిపించాం. ఈ ఖరీఫ్‌లో నాన్న మళ్ళీ నమోదుకు వెళ్ళాడు. చక్రం తిరుగుతుంటే అక్కడి మనిషి "అయిపోయిందిలే పెద్దాయనా" అన్నాడట. నాన్న కదలలేదట. ఆ రాత్రి నాకు ఫోను చేసి చెప్పాడు: "ఒరే అబ్బాయ్, చేరిందని చీటీ ఇచ్చిందాకా కుర్చీలోంచి లేవలేదురా. వెనకవాళ్ళు గొణిగారు. తర్వాత వాళ్ళూ అడిగి తీసుకున్నారు."

– తృతీయ సంవత్సరం బి.యస్సి. విద్యార్థి